నక్క జంబయ్య నాలుగు జవాబులు

మా కొండ మీద పాడుబడ్డ బౌద్ధ స్తూపం ఉంది. అందులో కాపురమున్న నక్క జంబయ్యకి, పాతకాలపు భిక్షువుల తత్వమంతా ఆ ఇటుకల్లోంచి తన ఒంట్లోకి దిగిందని గట్టి నమ్మకం. ఏదడిగినా నాలుగు జవాబులిచ్చేవాడు: ఉంది, లేదు, ఉండీ లేదు, ఉందనీ కాదు లేదనీ కాదు.

కాలేజీలో పంజరంలోంచి తప్పించుకొచ్చిన చిలక మేడమ్‌కి ఇది గిట్టేది కాదు. ఆధునిక తర్కంలో ఒకటో సున్నానో, అంతే అనేది. ఆ పాత తత్వానికీ ఈ కొత్త తర్కానికీ చుట్టరికం ఉందని నక్క, బొత్తిగా లేదని చిలక, పొద్దస్తమానం గొంతులు చించుకునేవాళ్లు.

మధ్యలో నలిగింది కోడి పుల్లమ్మ. పాపం, ఆమె గుడ్లు వరసగా మాయమైపోతున్నాయి. పంచాయతీలో నిలదీస్తే జంబయ్య మూతి తుడుచుకుంటూ, తిన్నాను, తినలేదు, తినీ తినలేదు, తిన్నాననీ కాదు తినలేదనీ కాదు అన్నాడు. ముద్దాయి ఒక్క జవాబు మీద నిలబడితేనే శిక్ష వెయ్యాలని మా కొండ ఆనవాయితీ. పంచాయతీ పెద్ద, కుక్క వీరన్న, పళ్లు నూరుకుని ఊరుకున్నాడు. చిలకేమో ముందు సిద్ధాంతం తేలాలంది. తేలేలోగా పుల్లమ్మ గూట్లో మిగిలింది ఒకే ఒక్క గుడ్డు.

పుల్లమ్మకి ఏడుపూ ఒళ్లుమంటా కలిసే వచ్చాయి. వీరన్న చెవిలో ఏదో ఊది, గుడ్డు తీసుకెళ్లి స్తూపం కింద కన్నంలో పెట్టి పక్కన కూర్చుంది. తెల్లారగానే జంబయ్య దిగాడు. తీసుకో అన్నయ్యా, కాకపోతే వీరన్న ఈమధ్య చల్లగా ఉందని ఈ కన్నంలోనే పడుకుంటున్నాడు, అంది.

జంబయ్య కన్నంలో పెట్టబోయిన తల వెనక్కి లాక్కున్నాడు. ఇప్పుడున్నాడా అని అడిగాడు.

"ఉన్నాడు, లేడు, ఉండీ లేడు, ఉన్నాడనీ కాదు లేడనీ కాదు" అంది పుల్లమ్మ.

"నీ తత్వం తగలెయ్య! ఉన్నాడా లేడా, ఒక్క మాట చెప్పు తల్లీ."

"నా గుడ్లు తిన్నావా లేదా? నువ్వొక్క మాట చెబితే నేనూ చెబుతా."

జంబయ్య కన్నం వంక చూసి లొట్టలేశాడు. "తిన్నాను. ఇప్పుడు చెప్పు."

"కన్నంలో లేడు. నీ వెనకాలున్నాడు."

ఆ తర్వాత జంబయ్య కొండ దిగిన తీరు చెప్పక్కర్లేదు. తోకలో సగం వీరన్న నోట్లోనే ఉండిపోయింది.

చిలక మేడమ్ ఇంకా కొమ్మ మీదే ఉంది. ఇంతకీ ఆ తత్వానికీ తర్కానికీ చుట్టరికం ఉన్నట్టా లేనట్టా అని అడిగింది. పిల్ల బయటికొచ్చాక దాన్నడుగు అంటూ పుల్లమ్మ గుడ్డు మీద సర్దుకుని కూర్చుంది.

ఎదుటివాడికి నాలుగు జవాబులిచ్చేవాడు కూడా, తన తోక దాకా వస్తే ఒక్కటే అడుగుతాడు.