ఒకే చోట ఏడు బొబ్బలు

వసంతకేతు మహారాజుకి ఓ పొద్దున సభలో సున్నుండ తింటూ ఉండగా అనుమానం వచ్చింది.

"మన కర్మశాలలో మంచాల దగ్గర్నుంచి తెడ్ల దాకా అన్నీ చేస్తారు. చేసేవాళ్ళలో ఒక్క ఆడమనిషీ లేదేం?"

కర్మశాల పెద్ద గంభీరాచారి మీసం సర్దుకుని లేచాడు.

"చేర్చుకుందామనే ఉంది ప్రభూ! అందుకే స్త్రీ ప్రోత్సాహక మండలి పెట్టాం. పదకొండుమంది సభ్యులం."

"అందులో ఆడవాళ్ళెందరు?"

"వాళ్ళకి శ్రమ ఎందుకని, మేమే సర్దుకున్నాం. ఆర్నెల్లు కూర్చుని తేల్చాం. ఆడవాళ్ళ చేతులు ఈ పనికి పనికిరావు. ఉలి పట్టిన అరగంటకే బొబ్బలు! పని నేర్చుకోమని ఏనుగుల సాల వెనక వాళ్ళకిచ్చిన పాక దండగ. అది మా మండలికిప్పిస్తే..."

రాణిగారికి వింజామర వీస్తున్న పేరిందేవి చెయ్యి ఆగిపోయింది.

ఆ పాకే ఆమె లోకం. ఉలి పట్టడం ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకుంది. మొదట్లో బొబ్బలెక్కితే చెయ్యి కొంగులో దాచుకుని, నాకే చేతకాదు కాబోలు అనుకునేది. ఒకరి వెంట ఒకరుగా ఇంకో ఆరుగురు చేరారు. వాళ్ళూ దాచుకున్నవాళ్ళే. ఓ మధ్యాహ్నం మరమరాలు పంచుకుంటూ ఏడుగురూ అరచేతులు చాపారు. అందరికీ బొటనవేలి కిందే, ఒకే చోట!

"నా ఒక్కదానికైతే నా చేతకానితనం. ఏడుగురికీ ఒకే చోటంటే తప్పు చేతిది కాదే!" అంది బుట్టలల్లే సుబ్బులు.

అప్పుడు ఉలికేసి చూశారు. కర్మశాల ద్వారం మీద ఆచారిగారి జాన చెక్కి ఉంటుంది. రోజూ దానికి పసుపూ కుంకుమా. రాజ్యంలోని పిడులన్నీ ఆ జాన కొలతకే చేసినవి. ఏడుగురూ కూర్చుని పిడులు చెక్కి సన్నం చేసుకున్నారు. పనిబల్ల కాళ్ళు కోసి పొట్టి చేసుకున్నారు. బొబ్బలు మాయం.

పేరిందేవి వింజామర పక్కన పెట్టి ముందుకొచ్చింది.

"ప్రభూ, ఆచారిగారితో పాటు నేనూ సభలో తెడ్డు చెక్కుతాను. ఓడితే పాక ఆయనదే. కాకపోతే ఇద్దరికీ పనిముట్లు మా పాక నుంచే రావాలి."

ఆచారి పకపకా నవ్వాడు. "తెచ్చుకోవే పిల్లా! పనితనం చేతిలో ఉంటుంది, పనిముట్టులో కాదు."

పాక నుంచి ఉలులూ పొట్టి బల్లలూ వచ్చాయి. పందెం మొదలైంది. పేరిందేవి ఉలి కింద చెక్క వెన్నలా లేచిపోతోంది. ఆచారి పొట్టి బల్ల ముందు మూడు మడతలు పడ్డాడు. పిడి ఆయన గుప్పిట్లో ఎక్కడుందో ఆయనకే తెలియడంలేదు. రెండుసార్లు ఉలి జారింది, మూడోసారి మంత్రిగారి తలపాగాలో దిగింది.

"ఇది ఉలా, పళ్ళు కుట్టుకునే పుల్లా? ఈ పిడి నా చేతికి పట్టదు ప్రభూ! నడుం విరుగుతోంది!"

పేరిందేవి నున్నగా తేలిన తెడ్డు రాజు ముందు పెట్టింది.

"అయ్యో! మగవాళ్ళ చేతులు ఈ పనికి పనికిరావు కాబోలు, ఆచారిగారూ!"

రాజు నవ్వాపుకుంటూ, "ఎవరి కొలతమ్మా ఇవి?" అన్నాడు.

"మా కొలత ప్రభూ. ఇన్నాళ్ళూ మాకిచ్చినవి ఆయన కొలత."

రాజు నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. "పాక మీదే! ఇంకేం కావాలో కోరుకో."

"ద్వారం మీద ఆయన జాన పక్కన మా జానా చెక్కించండి. ఇక పాపం, మగవాళ్ళని ప్రోత్సహించడానికి మేమూ ఓ మండలి పెడతాం. వాళ్ళకి శ్రమ ఎందుకు, మేం ఏడుగురమే సర్దుకుంటాం!"

సభ గొల్లున నవ్వింది. రాణిగారు ముత్యాలహారం తీసి పేరిందేవి చేతిలో పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు, ఒక్క ఆచారి తప్ప. ఆయన బొటనవేలి కింద బొబ్బ లేచింది మరి!