మిరియం వదిలి వెళ్ళిన ఉద్యోగం

తూర్పు కొండల నడుమ ఒకానొక సంస్థానం ఉండేది. దాని రాజు జగపతి దేవుగారికి దర్పం ఎక్కువ. ఆయన పిలిస్తే మంత్రి దగ్గర నుంచి మావటివాడి దాకా చేతిలో పని విడిచి పరుగెత్తుకు రావలసిందే. రెండోసారి పిలిపించుకున్నవాడు ఆ కోటలో ఉండేవాడు కాదు.

ఒక్క మిరియం తప్ప.

మిరియం టెర్రియర్ జాతి కుక్క. స్వదేశానికి వెళ్ళిపోతూ ఒక దొర రాజుగారికి బహూకరించాడు. మూరెడు పొడవుంటుంది. గడ్డం, మీసాలు పండిన పంతులుగారిలా ఉంటుంది. తను పులినని దాని నమ్మకం. పట్టపుటేనుగును చూసినా మొరిగేది. చీపురు కనబడితే యుద్ధానికి వెళ్ళేది. ఎలక వాసన తగిలితే పూలతోటైనా సరే, మట్టి తవ్విపోసేది. పిలిస్తే మాత్రం తల ఓ పక్కకి వాల్చి, వెళ్ళడమా మానడమా అని ఆలోచించేది. ఎక్కువసార్లు మానేసేది.

కానీ రాజుగారు దిగులుగా ఉన్ననాడు ఎవరూ చెప్పకుండానే వచ్చి ఆయన పాదాల మీద గడ్డం ఆనించి పడుకునేది.

ఒకనాడు పొరుగు జమీందారు విందుకు వచ్చాడు. నిండు కొలువులో రాజుగారు మీసం దువ్వి, "మా కోటలో కుక్క కూడా మా ఆజ్ఞ మీరదు" అన్నారు. "మిరియం! ఇలా రా!"

మిరియం తల వాల్చి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, సింహాసనం కింది తివాచీని గోళ్ళతో పరపరా గీకడం మొదలుపెట్టింది.

జమీందారు నవ్వాపుకోలేకపోయాడు.

రాజుగారి ముఖం కందగడ్డయింది. "దీన్ని ఏటి అవతల విడిచిపెట్టండి. ఇక దీని కాలు నా కోట గడప మీద పడకూడదు. దీని పేరెత్తినవాడి నాలుక కోయిస్తాను!"

సభంతా తలలు వంచుకుంది. భటుడి చంకలో వెళుతూ కూడా మిరియం దారిలో కనిపించిన చీపురు మీద మొరిగింది.

వానాకాలం వచ్చి వెళ్ళింది. రాజుగారికి అన్నం సయించడం లేదు. పడక మీద కూర్చుని పాదాల వైపు చూసుకునేవారు. ఎక్కడో కుక్క మొరిగితే కిటికీ దాకా వెళ్ళి, ఎవరైనా చూశారేమోనని వెనక్కి వచ్చేసేవారు. ఆజ్ఞ ఇచ్చినవాడు తనే. వెనక్కి తీసుకుంటే పరువేం కావాలి?

ఇదంతా గమనించినవాడు ఆస్థాన విదూషకుడు నారప్ప.

ఒకనాటి కొలువులో రాజుగారు, "నారప్పా, ఇలా రా!" అని పిలిచారు. నారప్ప తల ఓ పక్కకి వాల్చి చూశాడు. నింపాదిగా వెనక్కి తిరిగి, నేల మీద చతికిలబడి, తివాచీని గోళ్ళతో గీకసాగాడు.

సభ బిగుసుకుపోయింది.

"నీకు మతి పోయిందా?" రాజుగారు గర్జించారు.

"మతి ఉన్నవాళ్ళు ఈ ఉద్యోగానికి పనికిరారు ప్రభూ!"

"ఏ ఉద్యోగం?"

"మిరియం వదిలి వెళ్ళిన ఉద్యోగం."

మంత్రి కళ్ళు మూసుకున్నాడు. నారప్ప చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. "పిలిస్తే రావడానికి మేమింతమందిమి ఉన్నాం. పిలవకపోయినా వచ్చింది అదొక్కటే. ఆ చోటు ఖాళీగా ఉంది. నాకిప్పించండి. నాలుక కోయించినా ఫరవాలేదు, ఆ పనికి మాటలక్కరలేదు."

రాజుగారు తన పాదాల వైపు చూసుకున్నారు. గొంతు తగ్గించి, "ఈ మాట ఆనాడే ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నారు.

"ఆనాడు నేనూ తల వంచినవాళ్ళలో ఒకణ్ణే ప్రభూ."

"ఇప్పుడేం చేయను? నా ఆజ్ఞ ఉంది కదా."

"దాని కాలు గడప మీద పడకూడదన్నారు. ఏలినవారు ఎత్తుకుని తెస్తే కాలెక్కడ పడుతుంది?"

రాజుగారు పకాలున నవ్వారు. ఆ కోటలో నవ్వు వినబడి ఎన్నాళ్ళయిందో! అప్పటికప్పుడు పడవ కట్టించి, నారప్పను వెంటబెట్టుకుని బయలుదేరారు.

ఏటి అవతల పోలమ్మ అనే ముసలామె గుడిసె దగ్గర మిరియం మేకలను అదిలిస్తూ కనిపించింది. రాజుగారిని చూడగానే ఆయన చుట్టూ గిరగిరా తిరిగి, ఎగిరి గుండెల మీద బురద కాళ్ళు పెట్టింది. ఆయన జరీ అంగీ సంగతి మరిచి ఎత్తుకున్నారు.

"తీసుకుపోండి బాబూ, తమరిదే కదా" అంది పోలమ్మ. "వానలో తడిసి వణుకుతూ వచ్చింది. ఒక ముద్ద పడేశాను. అప్పట్నుంచి నా మంచం కిందే పడుకుంటోంది." ఆ మాటంటూనే ముఖం మేకల వైపు తిప్పుకుంది.

రాజుగారు పడవ వైపు నడిచారు. మిరియం ఆయన చెయ్యి నాకింది. కానీ భుజం మీదుగా గుడిసె వైపే చూస్తూ సన్నగా మూలిగింది. పడవ దగ్గరికి వచ్చేసరికి ఆ చిన్న ఒళ్ళంతా వణుకుతోంది.

ఆయన ఆగిపోయారు. మెల్లగా వంగి, దాన్ని నేల మీద దించారు.

మిరియం ఆయన వంక చూసింది. పోలమ్మ వంక చూసింది. రాజుగారి పాదాల మీద ఒక్కసారి గడ్డం ఆనించి, లేచి, పోలమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"పట్టుకు రమ్మంటారా ప్రభూ?" అన్నాడు నారప్ప.

"వద్దు. నేను వెళ్ళగొట్టాను. ఆవిడ తలుపు తీసింది."

గుడిసె వెనక కొండ మీది పచ్చిక బీడంతా పోలమ్మ మేకలకే విడిచిపెడుతున్నానని రాజుగారు అక్కడే ప్రకటించారు. పడవ ఏటి నడుమకు వచ్చాక తన అంగీ మీది బురద కాళ్ళ గుర్తులు చూసుకుని మళ్ళీ నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. భుజం మీది పట్టుశాలువా తీసి నారప్పకు కప్పారు.

"గెలిచావయ్యా" అన్నారు.

నారప్ప నమస్కరించి, పిలవకుండానే వచ్చి ఆయన పాదాల దగ్గర కూర్చున్నాడు.