కుంచం గవరమ్మ నోటికి తాళం

అనగనగనగా, ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో గవరమ్మ అని ఒక మామ్మ ఉండేదిరా బంగారం. కళ్ళాల్లో ధాన్యం కొలవడం ఆవిడ పని. కుంచం పట్టి రాగం తీస్తూ లెక్క పెట్టిందంటే, పిట్టలు కూడా గింజలు మరిచిపోయి వినేవి!

అప్పుడొకనాడు ఆవిడకి పక్షవాతం వచ్చి, చెయ్యీ మాటా పడిపోయాయి. చెయ్యి నాలుగు వారాల్లో కుదురుకుంది గానీ, మాట తిరిగి రాలేదు. మనవరాలు నూకాలుకి అన్నం సయించలేదు. మామ్మ ఇక మాట్లాడదా? ఎప్పటికీనా?

మామ్మకి వైద్యం చేసే డాక్టరమ్మ నూకాలుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "మన తలలో మాటలు వెతికి తెచ్చే గది ఒకటి. కంఠతా వచ్చిన పాటలూ లెక్కలూ ఉండే గది ఇంకొకటి. మామ్మకి మొదటి గది తలుపు బిగుసుకుపోయింది. నువ్వు పక్క తలుపు తట్టు" అంది.

తట్టింది! మొదటిరోజు జోలపాట పాడింది. మామ్మ "ఊఁ ఊఁ" అంది, అంతే. ఆ తర్వాత రెండోరోజు ఆదివారం, సోమవారం అంటూ వల్లించింది. మామ్మ తల ఊపింది, అంతే. మూడోరోజు పిల్లకి ఉక్రోషమొచ్చి, బస్తా వడ్లు గుమ్మరించి, కుంచం ముంచి, "ఒకటీ!" అంది.

హవ్వ! కొలతలో మొదటి కుంచాన్ని ఒకటి అంటారుటరా ఎవరైనా? ఇంట్లో సిరి నిలవాలని "లాభం" అంటారు. యాభై ఏళ్ళ అలవాటు, ఊరుకుంటుందా?

"లాభం!" అని గట్టిగా అరిచింది మామ్మ.

కుంచం లాక్కుంది. "లాభం... రెండూ... మూడూ..." గడగడా వచ్చేస్తోంది! నూకాలు గెంతులే గెంతులు.

అయితే లెక్క వచ్చినంత మాత్రాన మాటలు వచ్చేస్తాయా? రాలేదు. "మంచినీళ్ళు" అందామంటే నోరు తిరిగేది కాదు. అయినా పిల్ల వదల్లేదు. రోజూ డాక్టరమ్మ చెప్పినట్టు ఇద్దరూ కొలిచారు, లెక్క మధ్యలో ఒక్కో మాట కలిపి పలికారు.

రెండు నెలలు గడిచాయి. ఆవేళ నూకాలు కుంచం వంచబోయి సగం వడ్లు నేలపాలు చేసింది. మామ్మ మొహం ఎర్రబడింది.

"వడ్లు... కింద... కళ్ళు లేవేటే నీకు!"

ఇద్దరూ నోళ్ళు తెరిచి ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు నూకాలు వీధిలోకి ఒకటే పరుగు.

"మా మామ్మ నన్ను తిట్టిందొహోయ్! తిట్టింది!"

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
నువ్వూ నేనూ మనింటికి!