కోల్డ్ స్టోరేజీలో పెట్టిన ఆప్షను

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే పానకాలుకు ఒక గొప్ప సుగుణం ఉండేది: ఎదుటివాళ్లు చెప్పేది ఒక్క ముక్క అర్థం కాకపోయినా, వాళ్ల మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అంతా తెలిసినట్టే తల ఊపేవాడు. "తెలియదు" అనడం అమర్యాద అని ఆయన నమ్మకం. ఆ మర్యాద వల్లే యార్డులో పెద్దమనిషి అన్న పేరు వచ్చింది.

ఒక ఏడు మాఘమాసంలో ఆయన భార్య శేషారత్నం చీటీ పాడి, ఆ డబ్బు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"కారం మరకి చెప్పాను. ఆవకాయ రోజులు రాకముందే బిగించాలి. పేటంతా కారం పట్టించుకునేది అప్పుడే. జాగ్రత్తగా ఉంచయ్యా" అంది.

పానకాలు తల ఊపాడు. కానీ డబ్బును ఊరికే పడుకోబెట్టడం వ్యాపారస్తుడి లక్షణం కాదనిపించింది. బ్యాంకులో చేసి రిటైరైన జానకిరామయ్య గారు ఆదివారాలు షేర్ల పాఠాలు చెబుతున్నారని విని, వెళ్లి ముందు వరసలో కూర్చున్నాడు.

"షేరు అంటే కంపెనీలో వాటా. బాండు అంటే మనం కంపెనీకిచ్చిన అప్పు. వడ్డీ రేట్లు పెరిగితే పాత బాండు ధర పడుతుంది" అన్నారు జానకిరామయ్య గారు.

వడ్డీ పెరిగితే మంచిదేగా, ధర పడటమేమిటి? పానకాలు అక్కడే ఆగిపోయాడు. ఆయన అక్కడ ఆగి ఉండగానే పాఠం ఆప్షన్ల మీదుగా, గడువుల మీదుగా వెళ్లిపోయింది. చివరికి ఆయన తలలో షేరు, బాండు, ఆప్షను మూడు రకాల కాయ ఒకే సంచిలో పోసినట్టు కలిసిపోయాయి.

"అర్థమైందా పానకాలు గారూ?"

"భలేవారే! అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పారు."

మర్నాడే ఫోనులో వెతికాడు. అపరాజిత సిమెంట్స్ షేరు వేలల్లో ఉంది. దాని ఆప్షను మాత్రం పదుల్లో ఉంది. మంచికాయ పక్కన తాలుకాయ ఉన్నట్టు ఇది షేరులో చవక రకం కాబోలు అనుకున్నాడు. రత్నం డబ్బంతా పెట్టి కొనేశాడు.

వారం తిరక్కుండానే ధర దిగింది.

"ఏం పానకాలూ, నీ సిమెంటు జారిందటగా?" అన్నాడు పక్క కొట్టు సాంబయ్య.

"జారితే జారనీ. ధర లేనప్పుడు కాయని ఏం చేస్తాం? కోల్డ్ స్టోరేజీలో పెడతాం. ఇదీ అంతే. సరుకు ఎక్కడికి పోద్ది?" అని పానకాలు నవ్వాడు.

నెలాఖరు దాటింది. ఫోను తెరిస్తే సరుకు లేదు. ఫోను ఆపి మళ్లీ పెట్టినా లేదు. పానకాలు ఆటో ఎక్కి జానకిరామయ్య గారింటికి పరిగెత్తాడు.

"అయ్యా, నా ఆప్షన్లు కనపడట్లేదు!"

"గడువు తీరింది కదయ్యా. ఫలానా తేదీలోపు ఫలానా ధరకు కొనే హక్కు మాత్రమే మీరు కొన్నది. బయానా ఇచ్చి, గడువులోగా సరుకు ఎత్తకపోతే బయానా ఏమవుతుంది?"

"పోతుంది."

"ఇదీ అంతే."

"మరి ఆరోజే చెప్పలేదేమండీ?"

"చెప్పాను. మీరు అరటిపండన్నారు."

ఆ తరువాతి వారమే అపరాజిత షేరు ఎగిరి కూర్చుంది. ధర మళ్లీ లేస్తుందన్న తన అంచనా నిజమైతే తన డబ్బు ఎందుకు పోయిందో పానకాలుకు ఎంతకీ అంతుపట్టలేదు.

మర బిగించేవాళ్లు వచ్చి, డబ్బు లేదని తెలిసి వెళ్లిపోయారు.

"యార్డులో కాయ నలిపి, వాసన చూడందే ఒక్క బస్తా కొన్నావా?" అని అడిగింది రత్నం.

"లేదు."

"మరి దీన్నేం చూసి కొన్నావయ్యా?"

"ఫోనులో ధర పెరుగుతున్నట్టు పచ్చగా కనపడింది రత్నం."

"పచ్చికాయ తెస్తే రైతును వెనక్కి పంపేవాడివి!" అందామె. ఆ ఎండాకాలమంతా పేటలోవాళ్లు మిరపకాయల సంచులతో తమ గుమ్మం దాటి వేరే మరకి వెళుతుంటే నిలబడి చూసింది. ఆమె తిట్టినా బాగుండుననుకున్నాడు పానకాలు.

ఆపై ఒక ఆదివారం పాఠం మధ్యలో ఆయన లేచి నిలబడ్డాడు. చెవులు మంటెత్తిపోతున్నాయి.

"అయ్యా, నాకు మొదట్నుంచీ ఏమీ అర్థం కాలేదు. షేరు దగ్గర్నుంచి మళ్లీ చెప్పండి."

గదిలో ఎవరూ నవ్వలేదు. వెనక వరసలోంచి "మాక్కూడా సార్" అని సన్నగా వినిపించింది.

కారం మర ఏడాది ఆలస్యంగా, పానకాలు స్కూటరు అమ్మిన డబ్బుతో వచ్చింది. కంపెనీ లాభం చూసి షేరుకు విలువ కట్టడం ఆయన కొంత నేర్చుకున్నాడు. ఆప్షనుకు ఎంత ధర న్యాయమో లెక్కగట్టడం మాత్రం ఇప్పటికీ రాదు, అందుకే కొనడు.

విలువ కట్టడం రాని సరుకును కొనకూడదు. తెలియనిదాన్ని తెలియదని అడగడానికి సిగ్గుపడకూడదు.