గెడ్డవలసకు రంగు దిగిన రోజు

గెడ్డవలసలో బెండివారింటికి ఉన్నంత తెలివి మరే ఇంటికీ లేదు. ఈ మాట బెండివారింట్లో అందరూ ఒప్పుకుంటారు.

అన్నదమ్ములు ముగ్గురు. పెద్దవాడు గవరయ్య, నడిమివాడు సన్నాసి, చిన్నవాడు తవిటయ్య. గవరయ్య పెళ్ళాం పోలమ్మ. ముగ్గురి తెలివికీ తాళంచెవి ఆవిడ బొడ్లోనే ఉండేది.

ఊరికి ఫుట్‌బాల్ పిచ్చి. కోతలయ్యాక ఊరి పక్క గెడ్డవాగు ఇసకలో ఉత్త కాళ్ళతో ఆడేవాళ్ళు. పెద్ద ఆటలు రేడియోలో వినేవాళ్ళు. అప్పట్లో బంతి వినబడేదే గాని కనబడేది కాదు. "బంతి బయటికి పోయింది" అని రేడియో చెప్పగానే సన్నాసి లాంతరు పట్టుకుని మంచం కింద వెతికేవాడు. తర్వాత పంచాయతీకి టీవీ వచ్చింది. బంతి కనబడింది.

"చూశారా, పెట్టెలోనే ఉంది. నేనన్నీ వెతికాను గాని పెట్టెలో చూడలేదు" అన్నాడు సన్నాసి. అతని తెలివికి ఇల్లంతా మురిసిపోయింది.

కరెంటు ప్లగ్గు, మీద పందిరి ఉన్న అరుగు వాళ్ళదొక్కటే గనక టీవీ వాళ్ళ అరుగు మీద పెట్టారు. అప్పట్నించి పోలమ్మ నడకే మారిపోయింది. ఎదురింటి కూర్మయ్య కూడా పందిరి వేయించి, ప్లగ్గు పెట్టించి, టీవీ ఎప్పుడు తనింటికి వస్తుందా అని కాచుకుని కూర్చున్నాడు.

ఆ టీవీలో ఉన్న లోటు ఒకటే. మనుషులంతా బూడిద రంగు. రెండు జట్లూ ఒక్కలాగే ఉండేవి. ఎవరు ఎవరో తెలీక ఊరు ఇద్దరికీ చప్పట్లు కొట్టేది. కొట్లాటల్లేవు.

అలాంటిది, ఒక శుక్రవారం సర్పంచి లక్షుంనాయుడు వచ్చి, "గవరయ్యా, ఆదివారం ఫైనలు. ఎర్రచొక్కాలకీ నీలిచొక్కాలకీ. ఢిల్లీవాళ్ళు ఈసారి రంగులో పంపుతున్నారట. కూర్మయ్య నా ప్రాణం తోడేస్తున్నాడు. ఆట సవ్యంగా చూపించావా, టీవీ నీ అరుగు మీదే ఉంటుంది. ఏ తేడా వచ్చినా అతని అరుగెక్కుతుంది" అన్నాడు.

ఇంకేముంది! ఇంట్లో పొయ్యి వెలగలేదు.

తవిటయ్య సైకిలేసుకుని పట్నం వెళ్ళి రేడియోలు బాగుచేసే బాషాని అడిగాడు. "రంగు ఎలా వస్తుంది బాషా గారూ?"

"గాల్లో వస్తుంది. యాంటెన్నా పట్టుకుంటుంది. తీగ వెంట కిందికి దిగుతుంది" అన్నాడు బాషా.

"అంతేనా?"

"అంతే. కాకపోతే మీ పెట్టె పాతది, అది..."

అంతే అన్నాక ఇంకా వినడం తెలివిగల వాళ్ళ పని కాదు. తవిటయ్య సైకిలెక్కేశాడు.

"తీగ వెంట దిగుతుందట ఒదినా."

"ఆదివారం ఒక్కసారిగా దిగితే ఒలికిపోదూ! ముందే పట్టి ఉంచుకోవాలి" అంది పోలమ్మ. టీవీ వెనక తీగ పీకి, దాని కొసని ఇత్తడి బేసినులో పెట్టింది. శనివారమంతా నలుగురూ బేసిను చుట్టూ కూర్చున్నారు. ఏమీ దిగలేదు. సాయంత్రం జల్లు పడింది. యాంటెన్నా గొట్టం ఏనాటిదో, దాని తుప్పంతా కడుక్కుని తీగ వెంట చుక్క చుక్కగా బేసినులోకి దిగింది.

"వచ్చింది! ఎరుపొచ్చింది!" అని గంతేశాడు సన్నాసి.

"మరి నీలం?" అన్నాడు గవరయ్య.

"ఎర్రచొక్కాలవాళ్ళు ముందు బయల్దేరి ఉంటారు. నీలంవాళ్ళకి బండి అందలేదేమో."

ఆదివారం మధ్యాహ్నం దాకా చూశారు. నీలం రాలేదు. ఆట మూడింటికి. ఊరు అప్పుడే చాపలు పరుస్తోంది. కూర్మయ్య అందరికన్నా ముందు వరసలో కూర్చుని పళ్ళికిలిస్తున్నాడు.

"ఏం పోలమ్మా, రంగొచ్చిందా?"

"సగం వచ్చింది. మిగతా సగం దారిలో ఉంది" అని లోపలికెళ్ళి, పంచెలకి వేసే నీలిమందు గిన్నెలో కలిపింది. బేసినులో ఎరుపు పల్చగా ఉందని పసుపూ సున్నం నూరి చిక్కగా చేసింది. తీగ మళ్ళీ పెట్టెకి తగిలించి బొమ్మ వేశారు. ఎడం పక్కన ఒక జట్టు, కుడి పక్కన ఒక జట్టు బారుగా నిలబడి ఉన్నాయి.

"అన్నా, వాళ్ళు కదలకముందే పూసెయ్యి!" అని అరిచాడు తవిటయ్య.

గవరయ్య పాత గుడ్డ ముంచి అద్దానికి ఎడం సగం ఎరుపు, కుడి సగం నీలం పూసేశాడు. ఊరు ఊరంతా "ఓహో!" అంది. గెడ్డవలసకు రంగు దిగింది. పోలమ్మ కూర్మయ్య వైపు చూసి కొంగు సవరించుకుంది.

ఈల మోగింది. ఎర్రచొక్కా ఒకడు బంతి తన్నుకుంటూ పరిగెత్తాడు. గీత దాటాడో లేదో నీలమైపోయాడు.

"అమ్మ దుర్మార్గుడా! పార్టీ ఫిరాయించాడు!"

"వాడొక్కడేనా? చూడు, వెనకాల ముగ్గురు!"

"అదుగో, నీలం వాడొకడు మనలోకి వచ్చాడు. రానీరా, రానీ. మంచివాడే."

నీలమైపోయినవాడు నీలం గోల్లోనే ఫెడీమని తన్నాడు.

"సొంతింటికే నిప్పెట్టాడు!" అన్నాడు సన్నాసి. "లోకంలో ఇంత తెలివితక్కువ వాళ్ళుంటారా ఒదినా?"

"అందరికీ మన తెలివుంటుందా మరిదీ" అంది పోలమ్మ జాలిగా.

కాసేపటికి ఎరుపూ సొంత గోల్లోనే వేసుకుంది. ఇన్నాళ్ళూ ఇద్దరికీ చప్పట్లు కొట్టిన ఊరు రెండుగా చీలింది. ఎడం చాపలవాళ్ళు కుడి చాపలవాళ్ళని ద్రోహులన్నారు. తలపాగాలు ఊడాయి. ఈలోగా సగం ఆట అయింది. ఆటగాళ్ళు మాయమై, కోటు వేసుకున్న ఒకాయన కనబడ్డాడు. సగం ఎరుపు, సగం నీలం.

"ఈయన ఎవరి పక్షం?"

"ఇద్దరి దగ్గరా తింటున్నాడు" అన్నాడు కూర్మయ్య.

గెడ్డవలస ఆనవాయితీ ప్రకారం సగం ఆటలో ఆటగాళ్ళకి నిమ్మబద్దలు పెట్టాల్సింది పందిరి గలవాళ్ళు. పోలమ్మ ఇరవైరెండు బద్దలు కోసి టీవీ ముందు పళ్ళెంలో పెట్టింది. కోటాయన ముట్టుకోలేదు. "మొహమాటం" అనుకుంది.

మళ్ళీ ఆటగాళ్ళు వచ్చారు. అప్పుడు గుర్తొచ్చింది గవరయ్యకి. సగం ఆటయ్యాక జట్లు వైపులు మారతాయి. గెడ్డ ఇసకలోనూ అంతేగా! ఎర్రచొక్కాలు ఇప్పుడు కుడి పక్కకి వెళ్ళాలి. పూసిన రంగేమో ఎండి అద్దానికి కరుచుకుపోయింది.

"సర్పంచి బాబు పట్నం నించి వచ్చేస్తుంటాడు. రంగు తప్పితే టీవీ పోయినట్టే" అంది పోలమ్మ.

"ఎందుకొదినా కంగారు? ఎడం కుడవ్వాలి, కుడి ఎడమవ్వాలి. అంతేగా?" అన్నాడు తవిటయ్య. అన్నదమ్ములు ముగ్గురూ చెయ్యేసి పెట్టెని తలకిందులుగా తిప్పి పెట్టారు.

ఎరుపు కుడికొచ్చింది, నీలం ఎడమకొచ్చింది. పెట్టెతో పాటు బొమ్మా తిరిగిందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆటగాళ్ళు నెత్తి కిందా కాళ్ళు పైనా పెట్టి పరిగెత్తుతున్నారు.

"వాళ్ళు కింద పడిపోతారే!" అని సన్నాసి ఏడ్చినంత పనిచేసి, పరుపు తెచ్చి టీవీ కింద వేశాడు. ఊళ్ళోవాళ్ళకి మెడలు పట్టేశాయి. "ఇలా చూడండి" అని పోలమ్మే దారి చూపింది. లేచి, వెనక్కి తిరిగి, వంగి, కాళ్ళ సందులోంచి చూసింది. అంతే. ఊరంతా అలాగే వంగింది.

సరిగ్గా అప్పుడే లక్షుంనాయుడు వీధిలోకి వచ్చాడు. ఊరు ఊరంతా తనకేసి తల తిప్పకుండా వంగి ఉంది. మధ్యలో రంగులు పూసుకున్న టీవీ తలకిందులుగా తపస్సు చేస్తోంది.

"ఏటిరా ఇది!"

"వంగండి బాబూ, వంగితే గాని తెలీదు" అన్నాడు గవరయ్య కాళ్ళ సందులోంచి.

సర్పంచి వంగలేదు. మొహం ఎర్రబడింది. దానికి మాత్రం ఎవరూ రంగు పూయలేదు.

"ఈ పెట్టె ఈ క్షణమే కూర్మయ్య అరుగు మీద ఉండాలి. పెట్టె తప్ప మీ ఇంటి పుల్ల ఒక్కటి అక్కడికి రాకూడదు. తెలిసిందా?"

తెలియకేం! పోలమ్మ కళ్ళు తుడుచుకుంది. మాటంటే మాటే. టీవీ వెనక తీగ పీకారు. అన్నదమ్ములు పెట్టె ఒక్కటీ మోసుకెళ్ళి కూర్మయ్య అరుగు మీద దింపారు. ఊరు చాపలు చుట్టుకుని అక్కడికి చేరింది. కూర్మయ్య మీసం దువ్వి మీట నొక్కాడు. తెరనిండా నువ్వులు పోసినట్టు చుక్కలు. "జరగండి, అడ్డం జరగండి" అని అందర్నీ జరిపి, ఆ చుక్కల్లో బంతి ఏదో వెతుకుతున్నాడు.

బెండివారి అరుగు బోసిపోయింది. నలుగురూ దిగాలుగా కూర్చున్నారు. పందిరి కొయ్యకి తీగ వేలాడుతోంది.

పోలమ్మ దానికేసి చాలాసేపు చూసింది. చూసి, ఠక్కున లేచింది.

"ఒరే, ఆయన పెట్టె అడిగాడు గాని, ఆట అడిగాడా?"

"అడగలేదు."

"రంగడిగాడా?"

"లేదు."

"ఆట దేంట్లోంచి దిగుతుంది?"

"తీగలోంచి!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

ఇంకేముంది, బేసిను మళ్ళీ బయటికొచ్చింది. తీగ కొస అందులో పెట్టారు. నలుగురూ చుట్టూ కూర్చుని, మిగిలిన నిమ్మబద్దలు తలా ఒకటి చప్పరిస్తూ బేసినుకేసి చూడసాగారు. సన్నగా చినుకు మొదలైంది. తీగ వెంట ఓ ఎర్ర చుక్క జారి టప్పున పడింది.

"గోల్!" అని నలుగురూ ఎగిరి గంతేశారు.

ఎదురరుగు మీద కూర్మయ్య చుక్కల్లోంచి తలెత్తి, "ఎవరు కొట్టార్రా?" అని కేకేశాడు.

"ఎర్రచొక్కాలే!" అంది పోలమ్మ. "నీకు కనబడలేదూ?"