సేనాపతికి సరిపోయిన ఊతకర్ర

ఏనాటి రాణో, కోట మెట్ల పక్కనున్న నీడని నడవలేనివాళ్ల బండ్లకు రాసిచ్చి పోయింది. సేనాపతి సింగమనాయకుడు మాత్రం రెండు కాళ్లూ దిట్టంగా ఉండి కూడా తన గుర్రబ్బండిని అక్కడే నిలిపేవాడు. కోటలో పని చేయడానికి వచ్చే ఒంటికాలి వడ్రంగి ఓబన్న దూరాన బండి దిగి, ఎండలో కుంటుకుంటూ వచ్చేవాడు.

ఒకనాడు ఓబన్న, బండి దిగుతున్న సేనాపతి ముందు నిలబడి, చంక నుంచి మడమ దాకా గాలిలోనే తాడు పట్టి కొలిచాడు.

"ఏంట్రా అది?"

"మీ ఊతకర్రకి కొలత దొరా. ఇది నడవలేనివాళ్ల చోటు. రోజూ ఇక్కడే దిగేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు కర్ర కావాలి కదా!"

సేనాపతి నవ్వేసి లోపలికెళ్లాడు. సభలో చాలాసేపు మఠం వేసుకుని కూర్చున్నాడు. లేవబోతే ఎడమకాలు ఉన్నట్టే తెలియలేదు. గిల్లినా నొప్పి లేదు. గోడ పట్టుకుని బయటికొస్తే, బండికి ఆనించి కొత్త ఊతకర్ర ఉంది. చంకలో పెడితే అచ్చంగా సరిపోయింది.

"బండి తీయండ్రా ఇక్కణ్ణుంచి!" అని కేక పెట్టాడు.

మర్నాడు ఓబన్న బండి నీడలో ఆగింది.

"భలే భయపెట్టావు!" అన్నాడు కావలి చెంచయ్య.

"ఆ తిమ్మిరి ఆయనకి రోజూ ఎక్కేదే. నిన్న నా మాట గుర్తొచ్చింది, అంతే. కర్ర తెచ్చిపెట్టి నువ్వు మంచి పని చేశావు."

చెంచయ్య నవ్వు ఆగిపోయింది. "నేనా? అది నువ్వు చేసిందే కదా?"

"నేను కొలత మాత్రమే తీశాను," అన్నాడు ఓబన్న.