మూఢంలో కప్పిన శాలువా

నరహరి మాస్టారు పాఠాలు చెప్పేది మూఢంలోనే. ముహూర్తాలున్నన్నాళ్ళూ ఆ కల్యాణ మండపం పెళ్ళివాళ్ళది. శుక్రుడో గురుడో కనబడకుండా పోయి మూఢం వచ్చిందంటే, మండపం వెనక ఉన్న వంటశాల మాస్టారిది. యజమాని అద్దె అడగడు, ఖాళీగా వదిలేస్తే ఎలుకలు చేరతాయని అతని భయం. ఆరిపోయిన గాడిపొయ్యిల మధ్య నాలుగు బెంచీలు వేయించి, చిన్న వ్యాపారం పెట్టుకుందామని ఆశపడే వాళ్ళకి ఆయన ఉచితంగా చదువు చెబుతారు. జూనియర్ కాలేజీలో కామర్సు చెప్పి చెప్పి రిటైరైన మనిషి, నోరు ఊరుకోదు. "మూఢంలో మొదలెట్టిన చదువు అచ్చొస్తుందా పంతులూ?" అని ఊళ్ళో వేళాకోళం చేసేవాళ్ళు చేస్తూనే ఉంటారు. "మూఢం పోయేదాకా ఎవరూ కొట్టు తెరవరు కదా. ఈలోగా కాస్త ఆలోచించుకుంటారని" అంటారాయన. మంచి మాటే. అలా ఆలోచించుకుని ఆగినవాళ్ళు ఎందరని అడిగితే మాత్రం మాట మార్చేస్తారు.

చెప్పే పాఠాల్లో లోటేమీ లేదు. పుస్తకాలిస్తారు, కరపత్రాలు పంచుతారు, ఇంటికెళ్ళి చూసుకోమని ఫోన్లకి వీడియోలు పంపుతారు. సరుకు ఎలా ఎంచుకోవాలి, ధర ఎలా కట్టాలి, లైసెన్సుకి ఎవరి దగ్గరికి వెళ్ళాలి, అన్నీ విడమరిచి చెబుతారు. ఇక ఆఖరి రోజున ఒక పాత శిష్యుణ్ణి పిలిపించి, పెళ్ళికొడుకు కూర్చునే ఎర్ర మఖమల్ కుర్చీని మండపంలోంచి తెప్పించి అందులో కూర్చోబెట్టి, శాలువా కప్పి, కొత్తవాళ్ళతో మాట్లాడమంటారు. అన్నాళ్ళు ఆయన గొంతు చించుకున్నది ఒకెత్తు, ఆ కుర్చీలోంచి వచ్చిన నాలుగు ముక్కలు ఒకెత్తు. నోట్సులన్నీ సంచిలో దూరిపోతాయి, కుర్చీ మాట గుండెలో కూర్చుంటుంది. మనుషుల తీరే అంత, ఎవర్ని ఏమనగలం?

వరహాలు ఆయన పాత శిష్యురాలు. ఆవిడ మూఢం చదువు చదివిననాడు ఆ కుర్చీలో కూర్చున్నవాడు విస్తళ్ళ చిన్నంనాయుడు. గంజిపెట్టిన తెల్లచొక్కా వేసుకొచ్చి, "కష్టాలు లేని వ్యాపారమేటమ్మా? ఓపిక పట్టినోళ్ళదే లక్ష్మి" అన్నాడు. ఆ మాటకి వరహాలు ఒళ్ళు పులకరించింది. మీటింగయ్యాక అతను వంటశాల మెట్టు మీద ఒక్కడూ కూర్చుని శాలువా కొంగుతో కళ్ళు తుడుచుకోవడం కూడా ఆవిడ చూసింది. ఎంత పైకొస్తే మనిషికి అంత సంతోషం వస్తుందో కదా అనుకుంది. తనూ ఒకనాడు ఆ కుర్చీలో కూర్చోవాలని మనసులో దణ్ణం పెట్టుకుంది.

ఆ దణ్ణం ఏ దేవుడికి చేరిందో గాని, మళ్ళీ మూఢం వచ్చేసరికి ఆవిడ ఆ వంటశాల గుమ్మంలో నిలబడి ఉంది. క్లాసు అయిపోయి అందరూ వెళ్ళిపోయారు. మాస్టారు బోర్డు తుడుస్తున్నారు.

"మాస్టారూ, మీరు నాకు ఏ పాఠం చెప్పకుండా మిగిల్చేశారు?" అంది.

మాస్టారు గుడ్డ కింద పెట్టి, బెంచీ చూపించారు. ఆవిడ కూర్చోలేదు.

"అన్నీ మీరు చెప్పినట్టే చేశాను. అమ్మే ముందు పదిమందికీ రుచి చూపించి లోపమేటో అడగమన్నారు, అడిగాను. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వులపొడి గిన్నెల్లో పట్టుకుని వీధంతా తిరిగాను. అమృతమన్నారు. నీ చేతి మహిమన్నారు. ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు వంక పెట్టలేదు. కొట్టు తెరిచిన రోజున చుట్టాలంతా దిగి బోణీ చేశారు. నెల తిరక్కుండా సరుకంతా ఊడ్చుకుపోయింది. ఇహనేం, రోట్లో దంచితే చాలదనుకున్నాను. ఇంటాయన వద్దంటున్నా వినకుండా రెండు గేదెల్నీ అమ్మేసి పొడి కొట్టే మిషను కొన్నాను."

తర్వాత కథ ఆవిడ ముందుది వెనక, వెనకది ముందు చెప్పింది. వరసలో పెట్టి నేను చెబుతాను. మిషను వచ్చాక కొనేవాళ్ళు పలచబడ్డారు. ఎందుకో తెలీక వరహాలు పొట్లాల రంగు మార్చింది, బోర్డు మార్చింది, దిష్టి గుమ్మడికాయ కూడా మార్చింది. ఇలా ఉండగా వదినగారింట్లో కోడలి సీమంతం వచ్చింది. వంటింట్లో బెల్లం కోసం అటక మీద డబ్బాలు జరిపితే, వాటి వెనకాల తన పొట్లాలు వరసగా నిలబడి ఉన్నాయి. మొదటి రోజు కొన్నది మొదలు అన్నీ ఉన్నాయి. ఒక్కదానికీ సీలు తియ్యలేదు. వదిన వెనకనుంచి వచ్చి చూసి నాలిక్కరుచుకుంది. "మొగమాటానికి కొన్నాం వరహాలూ, ఏటనుకోకు. ఆ మాడు వాసన మా ఇంట్లో ఎవరికీ పడలేదు" అంది. మరి రుచి చూపించిన నాడే ఆ ముక్క అనొచ్చు కదా అని అడిగితే, "బాగుందే! ఇంటికొచ్చి నోటికందిస్తే, మొహం మీద బాలేదని ఎలాగంటాం?" అని ఎదురడిగింది. అదీ నిజమే. ఊరు ఊరంతా అలాగే మర్యాద చేసింది. ఆ మర్యాదకి వరహాలు ఇల్లు గుల్లైపోయింది.

ఇప్పుడు గేదెల పాకలో మిషను ఉంది, దాని మీద పాత చీర కప్పి ఉంది. పాలమ్మి బతికిన ఇంట్లో పిల్లలకి పాకెట్టు పాలు కొంటున్నారు. ఆవిడ పెనిమిటి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననుకుంటుంది వరహాలు, తిట్టినా బాగుండుననుకుంటుంది. అతను తెల్లారగట్ల అలవాటుకొద్దీ చెంబు పట్టుకుని పాకలోకి వెళ్తాడు. మిషను చూసి ఉత్త చెంబుతో తిరిగొస్తాడు. పక్క మీంచి అది వింటూ వరహాలు కళ్ళు మూసుకుని పడుకుంటుంది.

మాస్టారు మళ్ళీ గుడ్డ తీసుకుని, సగం తుడిచిన బోర్డు పూర్తిగా తుడిచేశారు. తర్వాత అన్నారు, "నీ ప్రశ్నకి జవాబు శుక్రవారం చెబుతాను. ఆ రోజు ఆఖరి క్లాసు. కుర్చీలో నువ్వు కూర్చో. జరిగింది జరిగినట్టు చెప్పు, అంతకన్నా ఏమీ అక్కర్లేదు."

"నేనా? మునిగిపోయినదాన్ని నేనేటి చెబుతాను?"

"మునిగిందే చెప్పు. ఈసారి నూకరత్నమని ఒకమ్మాయి వచ్చింది. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. ఉన్నది ఒక పాడిగేదె. ఆ పిల్ల కూడా పొడుల కొట్టే పెడుతుందట. చుట్టుపక్కల వాళ్ళు అమృతమన్నారట. ఆదివారం గేదెల బేరగాడు వస్తున్నాడు."

వరహాలు గుండెల మీద చెయ్యేసుకుంది. "అయ్యో అయ్యో! మీరు చెప్పలేదా మాస్టారూ?"

"చెప్పాను. ఉప్పు పొట్లమైనా అమ్మని వాడివి నీకేం తెలుసన్నట్టు చూసింది. కుర్చీలో వాళ్ళు చెబితేనే వింటారమ్మా."

"చెబుతాను. ఎందుకు చెప్పను! నా ఇల్లు మునిగింది చాలు, ఆ పిల్ల గేదె పోకూడదు" అంది వరహాలు. అన్నప్పుడు మనసా వాచా అంది, అందులో అబద్ధం లేదు.

శుక్రవారం నాడు ఆవిడ బస్సులో దారిపొడుగునా చెప్పవలసిన మాటలు వల్లె వేసుకుంది. నలుగురిలోకి వెళ్ళడం కదా అని పెళ్ళినాటి పట్టుచీర కట్టుకొచ్చింది. అదిగో, అక్కడే సగం పని చెడిందేమో. వంటశాలలోకి అడుగు పెట్టగానే కొత్తవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఎర్ర కుర్చీలో కూర్చోబెట్టారు. మాస్టారు ఎక్కువ పొగడలేదు, "మన పాత శిష్యురాలు, తన సంగతి తనే చెబుతుంది" అని శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. కప్పుకి ఎగసిన ఆ చప్పట్లు విని వరహాలు కుర్చీలో నిటారుగా సర్దుకుని, పట్టుచీర కుచ్చిళ్ళు సవరించుకుంది. కొన్నాళ్ళుగా ఆవిడని చూసి తల తిప్పుకునే వాళ్ళే గాని చప్పట్లు కొట్టినవాళ్ళు లేరు పాపం.

ఆవిడ గొంతు సవరించుకునేలోగా ముందు బెంచీలోంచి ఒక బక్కపల్చని పిల్ల లేచింది. మొహమంతా కళ్ళే. అదే నూకరత్నం.

"అక్కా, వ్యాపారం బాగుందా?" అంది.

ఎవరైనా బాగున్నావా అంటే మనం ఏమంటాం? చావింట్లో కూర్చున్నా బాగున్నాననే అంటాం.

"ఆఁ, బాగుందమ్మా" అంది వరహాలు.

అనేశాక, ఆ మాట వెనక్కి తీసుకోవడానికి దారి దొరకలేదు. ఇప్పుడు లేదంటే ముందన్నది అబద్ధమవుతుంది, కప్పిన శాలువా అబద్ధమవుతుంది. ఇంకొక మాట అంటే ఇది సర్దుకుంటుందేమోనని ఇంకొక మాట అంది. మిషను తీరిక లేకుండా ఆడుతోందంది. ఎవరో కష్టాలు లేవా అని అడిగితే, కష్టాలు లేని వ్యాపారమేటమ్మా, ఓపిక పట్టినోళ్ళదే లక్ష్మి అంది. ఆ మాటలు ఎక్కణ్ణించి వచ్చాయో ఆవిడకి తెలుసు. తెలిసీ ఆపుకోలేకపోయింది. మాస్టారు గోడవైపు నిలబడి నేల చూస్తున్నారు. ఒక్కసారి తలెత్తితే, ఒక్కసారి కసిరితే, నిజం కక్కేద్దును కదా అనుకుంది వరహాలు. ఆయన తలెత్తలేదు.

అందరూ లేచాక ఆవిడ మెట్టు మీద కూలబడింది. కళ్ళలో నీళ్ళు ఆగడం లేదు. శాలువా కొంగు అడ్డం పెట్టుకుంది. నూకరత్నం వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుని, చిన్న స్టీలు డబ్బా మూత తీసింది.

"నేను చేసిన కరివేపాకు పొడక్కా. మీరు ఒక్కరు బాగుందంటే నాకు కొండంత ధైర్యం."

వరహాలు చిటికెడు నాలిక మీద వేసుకుంది. అదే వాసన. కరివేపాకు వేపు ముదిరి మాడిన వాసన, వదిన చెప్పిన వాసన. తన చేతి పొడుల్లో తనకి ఏనాడూ తెలియనిది ఈ పిల్ల పొడిలో ముక్కు పగిలేలా తెలిసింది. ఆ పిల్ల కళ్ళు ఆర్పకుండా చూస్తోంది. గేదె, ఇద్దరు పిల్లలు, ఆదివారం, అన్నీ వరహాలు నోటిదాకా వచ్చాయి. చెప్పెయ్యి, చెప్పెయ్యి అని లోపల్నుంచి ఎవరో గుద్దుతున్నారు.

"బాగుందమ్మా" అంది.

నూకరత్నం ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టింది. "సంతోషం పట్టలేకపోతున్నారు అక్కా. నేనూ ఒకనాటికి మీలాగ ఆ కుర్చీలో కూర్చోవాలి" అంది. డబ్బా కొంగులో పెట్టుకుని, రోడ్డు మీద ఆటో వెళ్ళిపోతుంటే కేకేసి ఆపి ఎక్కేసింది.

మాస్టారు మఖమల్ కుర్చీని మండపంలో పెట్టించి వచ్చేసరికి వరహాలు వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆయన్ని చూసి లేచింది.

"మాస్టారూ, నేను ఇప్పుడే వాళ్ళ ఊరెళ్ళి చెప్పేస్తాను. నేనన్నదంతా అబద్ధమని చెప్పేస్తాను."

"వెళ్ళు. అయితే ఇప్పుడు నమ్మదమ్మా. దాని కొట్టు లేస్తుందేమోనని నీకు కడుపుమంట అనుకుంటుంది."

వరహాలు మళ్ళీ కూలబడింది. ఆ మాట నిజమని ఆవిడకి తెలుసు. ఆ రోజు చిన్నంనాయుడు వెనక్కొచ్చి వద్దమ్మా అన్నా తనూ అలాగే అనుకునేది.

"ఆ చిన్నంనాయుడు..." అని మొదలెట్టి ఆగిపోయింది. మాస్టారు మెట్టు వైపు చూశారు.

"నీకు మిగిలిపోయిన పాఠం అతని దగ్గరే ఉండిపోయిందమ్మా. ఆ మెట్టు మీదే ఏడ్చాడు. విస్తళ్ళ మిషను తుక్కుకి తూచి ఇచ్చేశాక పిలిచాను అతన్ని. ఆ సంగతి చెబుతాననే వచ్చాడు, నీలాగే బస్సులో వల్లె వేసుకుంటూ" అన్నారు.

వరహాలుకి ఏడుపు కూడా రాలేదు. భుజం మీంచి శాలువా తీసి, మడత పెట్టి, ఆయన చేతికివ్వబోయింది. ఆయన తీసుకోలేదు. వంటశాల తలుపు దగ్గరగా వేసి, గొళ్ళెం పెట్టి, తాళం లాగి చూశారు. మూఢం ఇంకో రెండు రోజుల్లో పోతుంది, ఆ తర్వాత ఆ పొయ్యిలన్నీ పెళ్ళివంటలకి అంటుకుంటాయి.

"వచ్చే మూఢానికి నూకరత్నాన్ని పిలుస్తాను" అన్నారు మాస్టారు.